దేవుని కుండలో కిరసనాయిలు బియ్యం

ఎసట్లో బియ్యం వేసే ముందు ఒక పిడికెడు తీసి పక్కనున్న కుండలో వేయాలి. ఆ పిడికెడు దేవునిది. వారమంతా చేరిన బియ్యాన్ని ఆదివారం చిన్న సంచిలో కట్టుకొని చర్చికి తీసుకుపోయి, వాకిలి పక్కనున్న పెద్ద రేకు డబ్బాలో పోయాలి. మా హోసూరు చర్చిలో తమిళంవాళ్ళు దీన్ని పిడి అరిసి అనేవాళ్ళు, మేము పిడికెడు బియ్యం అనేవాళ్ళం. పేరు ఏదైనా అది ఆడవాళ్ళ కానుక. కృష్ణగిరిలో నా పుట్టినింట్లో మా అమ్మ నా చెయ్యి పట్టి బియ్యంలో ముంచి నేర్పించిన మొదటి భక్తి ఇదే. ప్రార్థన చేసేది ఆ తరువాత నేర్చుకున్నాను. అది మాత్రం మా అమ్మకంటే బాగా నేర్చుకున్నాను.

బెంగుళూరులో బి.ఏ. చదివి, పెండ్లి చేసుకొని హోసూరు పక్క మత్తిగిరికి వచ్చినాను. మా ఆయనకు అక్కడి పశువుల ఫారంలో గుమాస్తా పని. ఎనభైల మొదట్లో ఫ్యాక్టరీలు వచ్చి హోసూరు ఉబ్బుతా ఉండేది, చర్చిలో ప్రతి నెలా కొత్త ముఖాలు. స్త్రీల సమాజానికి నేను కార్యదర్శిని. బైబిలు వాక్యం చెప్పాలన్నా, రోగుల దగ్గర ప్రార్థన చేయాలన్నా నన్నే పిలిచేవాళ్ళు. వాదన పెట్టుకోవాలంటే ఎవరూ పిలవాల్సిన పని లేదు, నేనే పోయేదాన్ని.

రేకు డబ్బాలో చేరిన బియ్యం చర్చి వెనక గదిలో ఉండే ముసలి దంపతులకు పోయేది. తాత గంట కొట్టేవాడు, బెంచీలు తుడిచేవాడు. అవ్వ చర్చి ఊడ్చేది. ఇద్దరూ ఊత్తంగరై పక్క పల్లెలో గొర్రెలు కాచే ఇండ్లలో పుట్టి, నడి వయసులో ప్రభువును నమ్ముకొని, సొంత జనం దూరం పెడితే ఈ గదికి చేరినవాళ్ళు. జీతమని పేరుకు ఏదో ఉండేది. కడుపులోకి పోయేది మాత్రం మా పిడికెళ్ళే.

ఆ యేడు వానకాలంలో మా ఆయన రేషన్ కొట్టు నుంచి సైకిల్ మీద వస్తా ఉంటే కిరసనాయిలు డబ్బా ఒరిగింది. దానికి మూత లేదు, గుడ్డపేలిక కుక్కి తెచ్చినాడు. కింద బియ్యం సంచి. ఇంటికి వచ్చేసరికి సంచి సగం తడిసి ఉంది.

"ఎండలో వేస్తే వాసన పోతుందిలే" అన్నాడు, ఏమీ జరగనట్టు.

మూడు దినాలు ఎండబెట్టినాను. వండితే పిల్లలిద్దరూ ఉమ్మేసినారు. పక్కింటి కోళ్ళకు చల్లితే ఒక పుంజు రెండు గింజలు పొడిచి, మెడ పక్కకు వంచి నన్ను ఒక చూపు చూసి పోయింది. బియ్యం పారేసేది మా ఇండ్లలో పాపం. తినేదానికి లేదు, పారేసేదానికి లేదు. అప్పుడు నా చెయ్యి దానంతట అదే ఒక దోవ కనుక్కున్నది. మాకు మంచి బియ్యమున్న డబ్బాలోంచి, దేవునికి ఆ సంచిలోంచి. ఇట్లా చేస్తున్నానని ఎవరితోనూ చెప్పలేదు. నాతో కూడా చెప్పుకోలేదు. అందరి బియ్యంలో కలిసిపోతుంది కదా, ఎవరికి తెలుస్తుంది? కిరసనాయిలుకు కలిసిపోయే గుణం లేదని, తానున్న చోటనంతా తన మాదిరి చేసుకుంటుందని బి.ఏ.లో ఎవరూ చెప్పలేదు.

ఆ నెలలోనే స్త్రీల సమాజంలో ముప్పావు గంట వాక్యం చెప్పినాను. మందలో కుంటిదాన్నీ గుడ్డిదాన్నీ దేవునికి తోలి, బలిసినదాన్ని ఇంట్లో ఉంచుకునేవాళ్ళ గురించి. ఇద్దరు కండ్లు తుడుచుకున్నారు. ఒకామె నా నోట్సు అడిగి తీసుకున్నది.

అప్పుడే అవ్వకు కడుపు జబ్బు చేసింది. సర్కారు ఆసుపత్రిలో వారం ఉండి వచ్చింది. నెల దినాలు రాగి సంగటి ముట్టొద్దు, మెత్తగా ఉడికిన బియ్యం గంజే తాగాలని డాక్టరు చెప్పి పంపినాడు. ఇంటికి వచ్చినాక బాగుపడాల్సిన మనిషి ఇంకా చిక్కిపోతా ఉందని, తాగిన గంజి తాగినట్టే కక్కుకుంటా ఉందని తాత చర్చిలో చెప్పినాడు. సమాజం తరఫున ప్రార్థన చేసి వద్దామని నేనూ పెద్దక్కా పోయినాము. పెద్దక్క అంటే సంఘపెద్ద భార్య, మా స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. చర్చిలో ఆడవాళ్ళందరికీ ఆమె పెద్దక్కే. చీర మడత నలగకుండా రెండు గంటలు మోకాళ్ళ మీద ఉండగలిగిన మనిషి.

గది వాకిట్లోనే నాకు తెలిసిపోయింది. పెద్దక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, "స్టవ్వు కారుతా ఉండాదేమో చూసుకోండప్పా, అంటుకుంటే కష్టం" అన్నది.

అవ్వ గోడకు ఆనుకొని కూర్చొని, ఒళ్ళో చేట పెట్టుకొని బియ్యం ఏరుతా ఉంది. మణికట్టు నా బొటనవేలంత ఉంది. "మాకు స్టవ్వు యాడిదమ్మా? కట్టెల పొయ్యే. ఈ వాసన బియ్యానిది" అన్నది. "ఐదారు నీళ్ళు కడుగుతా ఉండా. గంజి కాచేటప్పుడు తెలియదు, నోట్లో పెట్టుకుంటే కడుపు తిప్పుతాది."

"మీరు పారేయకూడదా అవ్వా?" అన్నాను.

"ఎట్లా పారేసేది? యా తల్లి వేసిందో, పాపం. ఇంట్లో మంచివి ఉంటే ఇట్లాంటివి దేవునికి ఇస్తాదా? ల్యాకనే కదా ఇచ్చింది. ఉన్నదాంట్లోనే ఒక పిడికెడు తీసిందే, అది చూడాల. ఆ తల్లి ఇంట్లో మంచి బియ్యం నిండాలని దినామూ అడుగుతా ఉండా దేవుణ్ణి."

పెద్దక్క నా పక్క తిరిగి, "కూలికి పోయేవాళ్ళెవరో వేసింటారు" అన్నది.

నేను తల ఊపినాను. ఆ తల ఊపును నేను ఇప్పటికీ మరిచిపోలేను. బియ్యం వేసేటప్పుడైనా చెయ్యి తెలియక చేసిందని చెప్పుకోవచ్చు. ఈ పని తల తెలిసి చేసింది. ఆ తరువాత కండ్లు మూసుకొని, ఆ కడుపులోని రోగాన్ని ప్రభువు నామంలో గద్దించి, పది నిమిషాలు తడుముకోకుండా ప్రార్థన చేసినాను. రోగం నా ఎదురుగా చేటలో ఉంది.

ఇంటికి పోయి మిగిలిన సంచి మూతి కట్టేసి మంచం కింద తోసినాను. అప్పుడైనా పోయి నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నాకు చేతనైంది వాదన కాబట్టి వాదనతోనే సరిచేయాలనుకున్నాను. ఆ వచ్చిన గురువారం సమాజం కూడినప్పుడు లేచి నిలబడి అందరినీ దులిపేసినాను. "దేవుని డబ్బాలో ఏమేమి వేస్తా ఉన్నామో మనకు తెలుసా? పురుగుల బియ్యం, రాళ్ళ బియ్యం, కిరసనాయిలు బియ్యం! మన ఇండ్లల్లో కోళ్ళు కూడా ముట్టనివి!" కోళ్ళ మాట నా నోట్లోంచి అట్లా సహజంగా వచ్చింది. ఎవరూ గమనించలేదు.

గదంతా భగ్గుమన్నది. "నేను కాదు", "మా ఇంట్లో రేషన్ బియ్యమే తినము", "ఎవరిని అంటా ఉండావు?" ఉద్దనపల్లి నుంచి వచ్చి ఇటుకల పనికి పోయే ఒకామె లేచింది. "కూలోళ్ళు కూలోళ్ళు అని గుసగుసలాడొద్దండమ్మా. మేము వేసేది రాగులు. కావాలంటే డబ్బా కుమ్మరించి చూడండి. మాకు బియ్యం పండగనాడు దొరికితే మేమే తింటాము, దేవునికి అప్పుడు ఆకలి ఉండదు" అన్నది. సగంమంది నవ్వినారు, సగంమంది మొహం ముడుచుకున్నారు.

పెద్దక్క చెయ్యెత్తి అందరినీ ఆపింది. "ఇచ్చినదాంట్లో వంక వెదికేవాళ్ళకు ఇచ్చేదెందుకు? ఆ ముసిలామె వాసన అని, కంపు అని సంఘం పరువు తీస్తా ఉండాది. వచ్చే వారం నుంచి బియ్యం కృష్ణగిరి హాస్టలుకు పంపుదాం. అక్కడి పిల్లోళ్ళు ఏమీ అనరు."

అయిపోయింది. చేతులు లేచినాయి. కార్యదర్శిని కాబట్టి తీర్మానం నేనే రాసినాను. నా చేతిరాత అందరూ మెచ్చుకునేది. అవ్వ వంక వెదకలేదు, మేము అడిగితే చెప్పింది అనే ఒక్క వాక్యం నేను రాయలేదు, చెప్పలేదు. అది చెబితే దాని వెనకాల రెండో వాక్యం కూడా రావాల్సి ఉంటుందని నాకు తెలుసు.

రెండు ఆదివారాలు డబ్బా హాస్టలుకు పోయింది. రెండో సోమవారం పొద్దున తాత నడుచుకుంటా మత్తిగిరికి వచ్చినాడు. లోపలికి రమ్మంటే రాలేదు, మెట్టు మీద కూర్చున్నాడు.

"అమ్మా, మేమేం తప్పు మాట్లాడినామో ఒక మాట చెప్పండి. క్షమాపణ అడుగుతాము. ఆమెకు గంజి కాచేదానికి ఏమీ లేదు. రాగి జావ పోస్తే కడుపు పట్టుకొని పొర్లాడుతాది."

లోపలికి పోయి మా మంచి బియ్యం రెండు పడులు కొలిచి తెచ్చినాను. ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"సంఘం వద్దన్నదాన్ని మీ ఇంటి వెనక తలుపులో తీసుకుంటే రేపు ఆ గది కూడా పోతాదమ్మా. దొంగతనంగా తినేది మాకొద్దు. నలుగురిలో ఇప్పించండి. మీకు మాట ఉంది."

మీకు మాట ఉంది! నాకు ఉన్నది అదొక్కటేనని ఆ ముసలాయన మెట్టు మీద కూర్చొని చెప్పినట్టయింది. అంతవరకూ భక్తి అంటే నేను బాగా చెప్పగలిగినది అనుకుంటా ఉన్నాను. చెప్పేదానికి నోరు ఆడని విషయం ఒకటుందే, నా భక్తి అంతా అక్కడ చిక్కుకొని ఉంది. అది బయటికి రాకుండా ఎన్ని ప్రార్థన కూటాలకు పోయినా దండగే. తాత వెంబడే చెప్పులేసుకొని బయలుదేరినాను.

అవ్వ పడుకొని ఉంది. పక్కన కూర్చొని, "అవ్వా, ఆ బియ్యం వేసింది నేను. మా ఇంట్లో మంచి బియ్యం నిండుగా ఉన్నాయి. ఉండీ వేసినాను" అన్నాను.

ఆమె నన్ను చూసింది. కోపమేమో అనుకున్నాను. కాదు, లెక్క తప్పినవాళ్ళు మళ్ళీ మొదట్నుంచి చూసుకున్నట్టు చూసింది.

"అట్లయితే నేను దేవుణ్ణి అడిగిందంతా వేరే ఇంటికి పోయిందా?" అన్నది. తాత పక్క తిరిగి, "విన్నావా, ఈమెకు బియ్యం ఉన్నాయంట" అన్నది. మళ్ళీ నాతో, "సరే పో. ఉన్నదానివి, అట్లేమిటికి చేస్తివి తల్లీ?" అని అడిగింది.

ముప్పై అయిదేండ్లలో నాకు జవాబు లేని ప్రశ్న అదే మొదటిది.

తరువాతి ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పుకునే సమయంలో లేచినాను. పాస్టరు అయ్యగారు నన్ను చూసి గడియారం చూసుకున్నాడు. నా సాక్ష్యం ఎప్పుడూ పావుగంటకు తగ్గేది కాదు. ఆ పొద్దు ఐదు వాక్యాల్లో ముగించినాను. డబ్బాలో కిరసనాయిలు బియ్యం వేసింది నేను. నా ఇంట్లో మంచి బియ్యం పెట్టుకొని వేసినాను. అవ్వ ఎవరిమీదా ఏమీ చెప్పలేదు, వేసినవాళ్ళ కోసం ప్రార్థన చేసింది. ఆ గురువారం నేను మిమ్మల్నందరినీ తిట్టింది నా తప్పు దాచుకునేదానికి. ఈ పొద్దు డబ్బాలో ఉండే బియ్యం వెనక గదికి పోవాలి.

మా ఆయన తల దించుకొని వేలి గోరు చూసుకుంటా ఉన్నాడు. అయ్యగారు గొంతు సవరించుకొని, "దేవునికి స్తోత్రం. ఈ విషయం కమిటీలో పెట్టి ఆలోచిద్దాం" అన్నాడు.

"కమిటీ కూడేది నెలాఖరుకు అయ్యగారూ. అంతదాకా ఆ కడుపు ఆగుతుందా?" అన్నాను, నిలబడే. కూర్చుంటే మళ్ళీ లేచే ధైర్యం ఉండదని తెలుసు.

ఆరాధన అయినాక మెట్ల మీద పెద్దక్క నన్ను పట్టుకున్నది. "ఇదంతా ఇంట్లో కూర్చొని మోకాళ్ళ మీద చెప్పుకునేది కదా? నలుగురిలో ఈ నాటకమెందుకు? సంఘం మొహానికి మసి పూసినావు."

"మసి నా మొహానిదే పెద్దక్కా. సంఘానిది కడుక్కునే దోవ ఒకటుంది, చెప్పమంటారా?"

వద్దన్నది. చెప్పినాను. ఇంకమీద ఆదివారం డబ్బాలో చేరిన బియ్యాన్ని వారానికొక ఇల్లు తీసుకుపోవాలి. తీసుకున్నవాళ్ళు, తాము తినే డబ్బాలోంచి అంతే కొలత తీసి అవ్వకు ఇవ్వాలి. దేవునికి వేసిన బియ్యం తిరిగి మన పొయ్యి మీదికే వస్తుందంటే ఎవరు ఏమి వేస్తారో చూద్దాం. మొదటి వారం మా ఇల్లు.

"నీ పిచ్చికి అందరూ తల వంచాల్నా?" అన్నది పెద్దక్క.

ఇటుకల పనామె వెనకనుంచి, "రెండో వారం మా ఇల్లు రాసుకోండి. మాకు లాభమే, రాగులేసి బియ్యం తినొచ్చు" అన్నది. తరువాత ఏమనుకున్నదో, "ఆ వారం అవ్వకు మాత్రం బియ్యం కొనే ఇస్తానులే" అని గొణిగింది. మూడో పేరు రావడానికి చాలాసేపు పట్టింది. నా నోట్సు తీసుకున్నామె, తాను పురుగు పట్టిన పాతబియ్యం వేసేదాన్నని నాకొక్కదానికే వినబడేటట్టు చెప్పి పేరు ఇచ్చింది. మిగిలినవాళ్ళు చెప్పులు వెదుక్కున్నారు. సంఘపెద్ద అవుననలేదు, కాదనలేదు. అయ్యగారు మాత్రం తాతను పిలిచి డబ్బా నా చేతికి ఇప్పించినాడు. అది చాలు.

ఆ పొద్దే మా మంచి బియ్యం కొలిచి, నలుగురూ చూస్తుండగా, పట్టపగలు వెనక గదికి మోసుకుపోయినాను. తాత రెండు చేతులా తీసుకున్నాడు.

మంచం కిందున్న సంచి మిగిలింది. పిల్లలకు పెట్టలేదు. నేను కడిగి, ఎండబెట్టి, మళ్ళీ కడిగి, దినానికొక పూట వేరుగా వండుకొని తింటా ఉంటే మూడో దినం మా ఆయన చూసినాడు.

"ఇది పశ్చాత్తాపమా, పంతమా?" అన్నాడు.

"రెండూ."

"ఒంటికి చెడ్డది. కిరసనాయిలు తిని ఎవరూ పరలోకానికి పోలేదు, ఆసుపత్రికి పోయినారు." సంచి ఎత్తుకుపోయి పెరట్లో గుంట తీసి పూడ్చినాడు. నేను ఆపలేదు. కక్కుకునేది ఎట్లా ఉంటుందో మూడు దినాల్లో నాకు తెలిసింది. అవ్వ దాన్ని వారాల తరబడి తాగింది.

వారాలు నడిచినాయి. ఒకామె తన వారం వచ్చేసరికి ఊరికి పోయింది. ఒకామె కొలత తక్కువ ఇస్తే పోయి తగవులాడి తెచ్చినాను. ఇంకొకామె నాతో మాటలు మానేసింది, కానీ బియ్యం సక్రమంగా పంపింది. డబ్బాలో రాళ్ళు తగ్గినాయి, పురుగులు పోయినాయి. ఎవరూ మంచివాళ్ళు కాలేదు, నేనూ కాలేదు. తమ ఎసట్లోకి వచ్చేదాన్ని చూసుకొని వేయడం నేర్చుకున్నారు. నాలుగో వారానికి అవ్వ గోడ పట్టుకొని లేచి నిలబడింది. ఇంకొక నెల దినాలు గంజి మానొద్దని డాక్టరు చెప్పినాడు.

ఎనిమిదో వారానికి పేరు లేదు. ఇండ్లన్నీ ఒక చుట్టు తిరిగినాయి, ఒక్క ఇల్లు తప్ప. ఆదివారం ఆరాధన అయినాక డబ్బా చంకన పెట్టుకొని సంఘపెద్ద ఇంటికి పోయినాను. మెట్ల మీద గొడవ అయినప్పటి నుంచి పెద్దక్క నాతో మాట్లాడలేదు. తలుపు తీసి, నన్ను చూసి, డబ్బాను చూసింది.

"ఎవరు పంపినారు?"

"ఎవరూ పంపలేదు. అవ్వకు రేపటికి బియ్యం లేదు."

"నేను ఒప్పుకోలేదు కదా."

"ఒప్పుకోమని అడగలేదు పెద్దక్కా. కొలిచి ఇమ్మని అడుగుతా ఉన్నాను."

ఆమె లోపలికి పోయింది. తలుపు మూయలేదు. నేను వాకిట్లోనే నిలబడినాను. చెయ్యి నొప్పి పుట్టింది, డబ్బాను ఇంకొక చంకకు మార్చుకున్నాను. లోపల మొగగొంతు ఏదో అడిగింది. మూత తీసిన చప్పుడు, పడి గిన్నె బియ్యంలో దిగిన చప్పుడు వినిపించినాయి.

సంచి తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది. నా చేతిలోంచి డబ్బా తీసుకొని, మూత ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది. తీసుకొని లోపలికి పోయింది.

నేను సంచి ఎత్తుకొని వెనక గదికి నడిచినాను. అవ్వ పొయ్యి మీద నీళ్ళు పెట్టి, వాకిట్లోకి వచ్చి కూర్చొని ఉంది.